ప్రోగ్రామింగ్ డాక్యుమెంటేషన్‌కు ఏ టోన్ సరిపోతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల ఇంజినీరింగ్ విద్యార్థులు, మడికొండ ఐటీ పార్కులోనో కరీంనగర్ ఐటీ టవర్‌లోనో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, ఇంటి నుంచి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు పనిచేసేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. కోడ్ రాయడం నేర్పేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆ కోడ్ గురించి తోటి మనిషికి ఎట్లా రాసి చెప్పాలో, అంటే డాక్యుమెంటేషన్ ఎట్లా రాయాలో, నేర్పేవాళ్లు తక్కువ. అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా ఉన్నాయి.

టోన్ అంటే ఏమిటి? సమాచారం కరెక్టుగా ఉంటే చాలదా?

సమాచారం కరెక్టుగా ఉండటం మొదటి షరతు. అది తప్పితే ఏ టోనూ ఆ పేజీని కాపాడలేదు. కానీ ఒకే విషయాన్ని మూడు రకాలుగా చెప్పి చూడండి.

"దీనికి పైథాన్ 3.10 లేదా ఆ తర్వాతి వెర్షన్ కావాలి."

"పైథాన్ 3.10 కన్నా పాత వెర్షన్లకు సపోర్ట్ ఇవ్వబడదు."

"ఇంకా 3.10 కన్నా పాత పైథానే వాడుతున్నారా? ముందు అప్‌గ్రేడ్ అవ్వండి!"

మూడింట్లోనూ ఉన్న సమాచారం ఒక్కటే. మొదటిది చదివినవాళ్లు తమ వెర్షన్ చూసుకుని ముందుకు పోతారు. రెండోది ఆఫీసు గేటు దగ్గర అంటించిన నోటీసులా వినిపిస్తుంది. మూడోది చదివేది కాలేజీ ల్యాబ్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ లేని విద్యార్థి అయితే, తన చేతిలో లేని విషయానికి మాట పడినట్టు అవుతుంది. అట్లా మాట పడ్డ పేజీకి మనిషి మళ్లీ రాడు. పనితో సంబంధం లేని ఏ భావాన్నీ చదివేవాళ్ల మీద పడకుండా చూసుకోవడమే డాక్యుమెంటేషన్‌లో టోన్ అంటే.

ఏ టోన్ ఎంచుకోవాలో ఎట్లా తెలుస్తుంది?

చాలామంది "నా స్టైల్ ఏది?" అని వెతుక్కుంటారు. వెతకాల్సింది అక్కడ కాదు. ఈ పేజీ తెరిచిన క్షణంలో చదివే మనిషి ఏ స్థితిలో ఉన్నాడో చూడాలి. నేర్చుకోవడానికి తీరిగ్గా కూర్చున్నాడా, చేతిలో పని ఆగిపోయి వచ్చాడా, ఒక్క విలువ సరిచూసుకోవడానికి వచ్చాడా, ఇది ఇట్లా ఎందుకుందో అర్థం చేసుకోవాలనుకుంటున్నాడా? టోన్‌ను నిర్ణయించేది ఈ స్థితే.

హనుమకొండ చౌరస్తాలో ఒకాయన వెయ్యి స్తంభాల గుడికి దారి అడిగితే, అది 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అని మొదలుపెట్టం. ఎటు తిరగాలో చెప్తాం. గుడి మండపంలోకి అడుగుపెట్టాక అదే మనిషి చరిత్ర వినడానికి ఇష్టంగా నిలబడతాడు.

డానియెలె ప్రోచిదా రూపొందించిన డయాటాక్సిస్ అనే పద్ధతి ఈ తేడాలనే నాలుగు రకాల పేజీలుగా విడదీస్తుంది: పాఠం, పని చేసే విధానం, రెఫరెన్స్, వివరణ. ఒక ఉదాహరణ మీద చూద్దాం. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి లాట్ల కోసం ఒక చిన్న ఏపీఐ (ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంను సమాచారం అడిగే మార్గం) ఉందనుకోండి. లాట్ నంబరు పంపితే కాంటా బరువు, పలికిన ధర ఇస్తుంది.

పాఠం ఇట్లా మొదలవచ్చు: "ఈ పాఠం పూర్తయ్యేసరికి ఒక లాట్ ధర మీ స్క్రీన్ మీద కనిపిస్తుంది. ముందు మనం ఒక టెస్ట్ లాట్ తయారు చేద్దాం." ఇక్కడ కొంచెం తోడు, కొంచెం భరోసా అవసరం. "ఇప్పుడు మీకు ఇట్లాంటి అవుట్‌పుట్ కనిపించాలి" అని ప్రతి మెట్టు దగ్గరా చెప్తే నేర్చుకునేవాళ్లకు టెన్షన్ తగ్గుతుంది.

పని చేసే విధానం (తక్‌పట్టీ అంటే రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ): "తక్‌పట్టీ ప్రింట్ కాకపోతే, ముందు లాట్ స్టేటస్ చూడండి. 'కాంటా పూర్తి' అని లేకపోతే ప్రింట్ రాదు." పలకరింపులు అక్కర్లేదు. అడ్తి దుకాణంలో రైతు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

రెఫరెన్స్: "బరువు. దశాంశ సంఖ్య, కిలోల్లో. తప్పనిసరి. 0 కంటే ఎక్కువ ఉండాలి." ఇక్కడ మనిషి గొంతు దాదాపు వినిపించకూడదు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మాన్యువల్ పేజీలు 1971 నుంచి ఇదే పొదుపుతో నడుస్తున్నాయి. వాటిలో నాకు బాగా నచ్చేది, మొదటి నుంచీ 'బగ్స్' అని ఒక విభాగం పెట్టి, తమ ప్రోగ్రాంలో తెలిసిన లోపాలను తామే రాసుకోవడం. పొడిగా రాసినా దాపరికం లేకుండా రాశారు. చదివేవాళ్లకు దాంతోనే నమ్మకం కుదురుతుంది.

వివరణ: "మార్కెట్‌లో ధర క్వింటాలుకు చెప్తారు, కాంటా మాత్రం కిలోల్లో వస్తుంది. అందుకే డేటాబేస్‌లో బరువు కిలోల్లోనే ఉంచి, ధర లెక్కించేటప్పుడు మాత్రమే క్వింటాళ్లకు మారుస్తాం. రెండు చోట్లా మారిస్తే రౌండింగ్ తేడాలు పోగవుతాయి." ఇక్కడ మాత్రం మీ అభిప్రాయం, మీరు వదిలేసిన దారులు, వాటి కారణాలు అన్నీ చెప్పొచ్చు, చెప్పాలి కూడా.

ఒకే ప్రాజెక్టులో నాలుగు రకాల టోన్ ఉంటే అతుకుల బొంతలా ఉండదా?

ఉండదు. పదాలు, గౌరవం, నిజాయితీ అన్ని పేజీల్లోనూ ఒకేలా ఉంటే చాలు. ఒక చోట 'లాట్' అన్నదాన్ని ఇంకో చోట 'బ్యాచ్' అంటే మాత్రం చదివేవాళ్లు తప్పిపోతారు. కంగారు పెట్టేది అదే.

కాలేజీ రికార్డుల్లో "ప్రయోగం నిర్వహించబడింది" అని రాయించారు. డాక్యుమెంటేషన్‌లో అది ఎందుకు వద్దంటారు?

ల్యాబ్ రికార్డులో ప్రయోగం ఎవరు చేశారన్నది ముఖ్యం కాదు, కాబట్టి ఆ పద్ధతి అక్కడ సరిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న "ఈ పని ఎవరు చేయాలి?" అన్నదే.

"ప్రతి 60 నిమిషాలకు టోకెన్ రిఫ్రెష్ చేయబడాలి" అనే వాక్యం తీసుకోండి. టోకెన్ అంటే లాగిన్ అయ్యాక సర్వర్ ఇచ్చే తాత్కాలిక గుర్తింపు. లైబ్రరీ (మనం తెచ్చుకుని వాడే రెడీమేడ్ కోడ్) తనంతట తాను రిఫ్రెష్ చేస్తుందా? నేను కోడ్ రాయాలా? సర్వర్ అడ్మిన్ చూసుకుంటాడా? వాక్యం గంభీరంగా ఉంది, కానీ అడిగినదానికి జవాబు లేదు. దీన్ని నమ్మి ఊరుకున్నవాళ్ల యాప్ గంట తర్వాత ఆగిపోతుంది. "టోకెన్ గడువు 60 నిమిషాలు. లైబ్రరీ దాన్ని రిఫ్రెష్ చేయదు; గడువు ముగిసేలోపు మీ కోడ్ రిఫ్రెష్ కాల్ పంపాలి" అంటే సందేహానికి చోటు లేదు.

చేసేవాళ్లు ఎవరైనా ఒకటే అయిన చోట ఆ సంగతి వదిలేయొచ్చు. "ఈ ఫంక్షన్‌ను 2.4 వెర్షన్‌లో తీసేశారు" అంటే ఎవరికీ ఇబ్బంది లేదు.

"మీరు" అనాలా, "మనం" అనాలా, "యూజర్" అనాలా?

చదివే మనిషి చేయాల్సిన పని అయితే "మీరు". పక్కన ఉండి నడిపించే పాఠంలో "మనం" బాగుంటుంది. "యూజర్" అనే మాటను మీ పాఠకుడు తయారుచేసే యాప్‌ను వాడే మూడో మనిషి కోసం దాచుకోండి. ఎనుమాముల ఉదాహరణలో "మీరు" అంటే డెవలపర్, "యూజర్" అంటే అడ్తి గుమస్తా. ఇద్దరినీ ఒకే పేరుతో పిలిస్తే ఎవరి పాస్‌వర్డ్ గురించి మాట్లాడుతున్నారో తెలియదు.

"మేము సిఫారసు చేస్తాం" అని రాసిన ప్రతి చోటా, వెంటనే కారణం ఉందో లేదో చూసుకోండి. కారణం లేని సిఫారసు ఆజ్ఞలా వినిపిస్తుంది.

"సింపుల్", "జస్ట్", "ఈజీగా" లాంటి మాటలు ధైర్యం చెప్పడానికే కదా వాడతాం? వాటితో నష్టమేంటి?

ఉద్దేశం మంచిదే. కానీ ఆ మాట ఎవరి కంట పడుతుందో చూడండి. పని సాఫీగా అయిపోయినవాళ్లు ఆ వాక్యం గమనించరు, ముందుకు పోతారు. దాని దగ్గర ఆగి మళ్లీ మళ్లీ చదివేది ఆ పని కానివాళ్లే. రెండు గంటల నుంచి ఇన్‌స్టాల్ కాక అవస్థ పడుతున్న అమ్మాయికి "జస్ట్ ఈ కమాండ్ రన్ చేస్తే చాలు" అన్న వాక్యం "నీకు ఇది కూడా రాదా" అన్నట్టే వినిపిస్తుంది. ముఖ్యంగా జనగామ, మహబూబాబాద్, ములుగు ఊళ్ల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చి, కంప్యూటర్‌ను కాలేజీలోనే మొదటిసారి సొంతంగా ముట్టుకున్న పిల్లలు ఇట్లాంటి మాటకు నోరు విప్పి అడగడమే మానేస్తారు. డౌట్ అడగని విద్యార్థికి మీరు ఎంత మంచి డాక్యుమెంటేషన్ రాసినా ఉపయోగం సగమే. ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను.

ధైర్యం చెప్పాలంటే వివరం ఇవ్వండి: "ఈ మెట్టుకు సాధారణంగా ఐదు నిమిషాలు పడుతుంది. స్క్రీన్ కాసేపు కదలకుండా ఉన్నా ఆపకండి." దీంతో నిజంగానే ధైర్యం వస్తుంది. "తెలిసిన విషయమే", "అందరికీ తెలిసినట్టు" అన్నవి కూడా ఈ కోవలోవే. తీసేస్తే వాక్యానికి ఏ లోటూ రాదు.

ఇంగ్లీషులో రాసేటప్పుడు "ప్లీజ్", "కైండ్లీ" లేకపోతే మర్యాద తక్కువైనట్టు అనిపిస్తుంది. ఏం చేయాలి?

మనం పెద్దవాళ్లకు రాసే ఉత్తరాల అలవాటు అది. అందులో తప్పేం లేదు. కానీ పన్నెండు మెట్లున్న విధానంలో ప్రతి మెట్టుకూ "ప్లీజ్" ఉంటే, చేయాల్సిన పని రెండో మాటగా వెనక్కి పోతుంది. గూగుల్ డెవలపర్ స్టైల్ గైడ్ సూచనల్లో ఆ మాట వద్దంటుంది. మైక్రోసాఫ్ట్ గైడ్ మాత్రం, పాఠకుడిని ఇబ్బంది పెట్టే పని అడిగినప్పుడో తప్పు సాఫ్ట్‌వేర్‌దే అయినప్పుడో వాడమంటుంది. నాకు ఈ రెండో గీత నచ్చుతుంది. "సర్వర్ స్పందించడం లేదు. దయచేసి కాసేపయ్యాక మళ్లీ ప్రయత్నించండి" అన్నప్పుడు ఆ మాటకు అర్థముంది.

"డూ ద నీడ్‌ఫుల్" లాంటివి మాత్రం పూర్తిగా వదిలేయండి. ఏది అవసరమో చెప్పడానికే కదా ఆ పేజీ ఉన్నది.

మస్ట్, షుడ్, మే అనే మాటలు ఒకదాని బదులు ఒకటి వాడొచ్చా?

వాడకూడదు. ఇక్కడ టోన్ ఒప్పందంగా మారుతుంది. 1997 మార్చిలో స్కాట్ బ్రాడ్నర్ రాసిన ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2119 వీటికి అర్థాలు బిగించింది. మస్ట్ అంటే తప్పనిసరి. షుడ్ అంటే సరైన కారణముంటే పక్కన పెట్టొచ్చు, కానీ దాని ఫలితం పూర్తిగా అర్థమై ఉండాలి. మే అంటే మీ ఇష్టం. 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8174, పెద్ద అక్షరాల్లో రాసినప్పుడే ఈ ప్రత్యేక అర్థాలు వర్తిస్తాయని స్పష్టం చేసింది.

ప్రోటోకాల్ స్పెసిఫికేషన్ రాయకపోయినా ఈ క్రమశిక్షణ పనికొస్తుంది. సున్నితంగా ఉంటుందని "పాస్‌వర్డ్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తే బాగుంటుంది" అని రాశారనుకోండి, చదివినవాళ్లు చేయకుండా వదిలేయొచ్చు. అక్కడ కావాల్సింది "చేయాలి". అట్లాగే రంగు ఏది పెట్టుకోవాలన్న చోట "తప్పనిసరిగా" అంటే, నిజంగా తప్పనిసరి అయిన చోట ఆ మాటకు బలం ఉండదు.

ఎర్రర్ మెసేజ్ కూడా డాక్యుమెంటేషనేనా?

మీ సాఫ్ట్‌వేర్‌లో అందరూ చదివే డాక్యుమెంటేషన్ అదొక్కటే. మిగతా పేజీలు తెరవనివాళ్లు కూడా ఎర్రర్ వస్తే చదువుతారు, అదీ చికాకులో ఉన్నప్పుడు.

మిర్చి సీజన్. యార్డు నిండా బస్తాలు. గుమస్తా బరువు ఎంటర్ చేస్తే స్క్రీన్ మీద "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్. కోడ్ 422" అని వచ్చింది. వెనకాల హమాలీలు, రైతులు నిలబడి ఉన్నారు. తప్పు ఎక్కడుందో, ఇప్పటిదాకా ఎక్కించినవి ఉన్నాయో పోయాయో అతనికి తెలియదు. యాప్ మూసి మళ్లీ తెరుస్తాడు. అక్కడి నుంచి కథ ఇంకా పాడవుతుంది.

అదే చోట ఇట్లా ఉందనుకోండి: "ఈ లాట్ బరువు 0 కిలోలు అని వచ్చింది. బరువు 0 కంటే ఎక్కువ ఉండాలి. కాంటా చీటీ చూసి మళ్లీ ఎంటర్ చేయండి. ముందు ఎక్కించిన లాట్లు సేవ్ అయ్యే ఉన్నాయి."

ఏం జరిగింది, ఏ నియమం అడ్డొచ్చింది, ఇప్పుడేం చేయాలి, ఇప్పటిదాకా చేసింది భద్రమేనా. ఈ నాలుగో సంగతి చాలామంది మర్చిపోతారు. కంగారులో ఉన్న మనిషి మొదట అడిగేది మాత్రం అదే. ఇంకోటి గమనించండి, "మీరు తప్పు బరువు ఇచ్చారు" అని ఎక్కడా లేదు. తప్పు కాంటా నుంచి వచ్చిందో, కేబుల్ ఊడిందో, మనిషి పొరపాటో ప్రోగ్రాంకు తెలియదు. తెలియనిదానికి ఎవరినీ వేలెత్తి చూపకూడదు. "అయ్యో! ఏదో తేడా జరిగింది" లాంటి ముద్దు మాటలు కూడా ఈ సమయంలో చిరాకే తెప్పిస్తాయి.

ప్రోగ్రామింగ్ భాషలు తయారుచేసేవాళ్లు కూడా దీని మీద ఏళ్లుగా శ్రమ పెడుతున్నారు. 2021లో వచ్చిన పైథాన్ 3.10 చూడండి. బ్రాకెట్ మూయకపోతే పాత వెర్షన్లు ఎక్కడో కింది లైను చూపించి సింటాక్స్ తప్పు అని ఊరుకునేవి. 3.10 మాత్రం ఆ బ్రాకెట్‌నే చూపించి, దీన్ని మూయలేదు అని చెప్తుంది. రస్ట్ భాష కంపైలర్ తప్పు చూపించడంతో ఆగకుండా చాలాసార్లు దిద్దుబాటు కూడా సూచిస్తుంది. టోన్ నేర్చుకోవాలంటే ఈ రెండింటి మెసేజ్‌లు కావాలని తప్పులు చేసి మరీ చదవండి.

హెచ్చరికలు ఎంత గట్టిగా రాయాలి?

నష్టం ఎంతో అంత గట్టిగా. డేటా పోయే పని అయితే మొహమాటం వద్దు: "ఈ కమాండ్ టేబుల్‌ను పూర్తిగా తొలగిస్తుంది. బ్యాకప్ లేకపోతే తిరిగి రాదు." ఆశ్చర్యార్థకాలు, ఎర్ర రంగు వరసలు అక్కర్లేదు. పోయేదేమిటో పేరు పెట్టి చెప్తే చాలు.

హెచ్చరిక ఎంత గట్టిగా ఉందన్నదాని కన్నా ఎక్కడ ఉందన్నది ముఖ్యం. కమాండ్ కింద పెట్టిన హెచ్చరికను కమాండ్ రన్ చేశాకే చదువుతారు. రాత్రి సపోర్ట్ డ్యూటీలో ఉన్నవాళ్లు కళ్లు మండుతూ పై నుంచి కిందికి కాపీ చేసుకుంటూ పోతారు. అందుకే హెచ్చరిక ఎప్పుడూ కమాండ్‌కు పైనే ఉండాలి. ఇట్లాంటి రాత్రి వేళ పేజీల్లో వాక్యానికి ఒక్క పనే ఉండాలి. విమానయాన రంగంలో పుట్టిన సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్ ప్రమాణం, పని చెప్పే వాక్యానికి 20 మాటలు, వివరించే వాక్యానికి 25 మాటలు మించొద్దంటుంది. తెలుగులో మాటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి కాబట్టి ఆ లెక్క ఇంకా తగ్గాలి.

జోకులు, ఎమోజీలు, సినిమా డైలాగులు పెట్టొచ్చా?

పాఠంలో అరుదుగా ఒకటి పర్వాలేదు. రెఫరెన్స్‌లో, ఎర్రర్ మెసేజ్‌లో, హెచ్చరికలో వద్దు. మొదటిసారి నవ్వించిన మాటే ఇరవయ్యోసారి చదివేవాళ్లకు విసుగు పుట్టిస్తుంది. రెఫరెన్స్ పేజీని మనుషులు వందసార్లు తెరుస్తారు. పైగా మనకు తెలిసిన డైలాగు మణిపూర్‌లోనో పోలాండ్‌లోనో ఉన్న కాంట్రిబ్యూటర్‌కు అర్థం కాదు.

కోడ్ కామెంట్లు, డాక్‌స్ట్రింగ్‌లు, కమిట్ మెసేజ్‌లకు వేరే టోన్ ఉంటుందా?

ఉంటుంది, భాషను బట్టి మారుతుంది. డాక్‌స్ట్రింగ్ అంటే ఫంక్షన్ ఏం చేస్తుందో కోడ్‌లోనే రాసే వివరణ. కమిట్ మెసేజ్ అంటే కోడ్‌లో చేసిన ప్రతి మార్పుతో పాటు రాసే చిన్న వివరణ. పైథాన్ వాళ్ల మార్గదర్శక పత్రం పెప్ 257 ప్రకారం డాక్‌స్ట్రింగ్ ఆజ్ఞ రూపంలో ఉండాలి, 'రిటర్న్' అనాలి, 'రిటర్న్స్' అనకూడదు. జావాడాక్ (జావా భాష డాక్యుమెంటేషన్ పద్ధతి) సంప్రదాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ 'గెట్స్' అని వర్ణించాలి. గో భాషలో కామెంట్ ఆ ఫంక్షన్ పేరుతోనే మొదలవుతుంది. కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ ప్రాజెక్టు కమిట్ మెసేజ్‌లను ఆజ్ఞ రూపంలో రాయమంటుంది. ఏది గొప్ప అని వాదించుకోవాల్సిన పని లేదు. చేరిన ఇంటి పద్ధతి పాటించండి.

కామెంట్ల విషయంలో ఒకటి మాత్రం చెప్పాలి. "ఈ చెత్త కోడ్ ఎవరు రాశారో" లాంటి కామెంట్ ఎన్నడూ వదలకండి. గిట్‌లో ఎవరు రాశారో ఒక్క కమాండ్‌తో తెలుస్తుంది. ఆ మనిషి పక్క సీట్లోనే ఉండొచ్చు, ఆ రోజు అతని మీద ఎంత ఒత్తిడి ఉందో మనకు తెలియదు. "ఇక్కడ రెండుసార్లు కాల్ చేయడానికి కారణం: మొదటి కాల్‌కు పాత కాంటా మెషిన్ ఖాళీ విలువ ఇస్తుంది" అని రాస్తే తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

పాత ఫీచర్ తీసేస్తున్నామని చెప్పేటప్పుడు ఎంత మెత్తగా చెప్పాలి?

మెత్తదనం కన్నా తేదీ ముఖ్యం. పైథాన్ 2 కు 2020 జనవరి 1తో సపోర్ట్ ఆగిపోతుందని ప్రకటించినప్పుడు, ఆ తర్వాత భద్రతా లోపం బయటపడినా సరిచేయబోమని కూడా సూటిగా చెప్పేశారు. వినడానికి కఠినంగా ఉన్నా, ఆఫీసుల్లో అప్‌గ్రేడ్‌కు బడ్జెట్ అడగాల్సినవాళ్లకు చేతిలో ఆధారం దొరికింది. "త్వరలో తొలగించే అవకాశం ఉంది" అని రాస్తే ఎవరూ కదలరు, తీరా తీసేసిన రోజు అందరూ ఇబ్బంది పడతారు. ఏ వెర్షన్‌లో, ఏ తేదీన పోతుంది, దాని బదులు ఏం వాడాలి, మార్చడానికి ఏం చేయాలి, ఈ మూడూ రాయండి.

డాక్యుమెంటేషన్ తెలుగులో రాయొచ్చా? రాస్తే ఏ తెలుగు?

తప్పకుండా రాయండి. కాళోజీ పెరిగిన మడికొండలోనే ఇవాళ ఐటీ పార్కు ఉంది. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. జనం నోట్లో ఉన్న భాషకే రాతలోనూ చోటుండాలని జీవితమంతా చెప్పిన మనిషి ఊళ్లో, సాఫ్ట్‌వేర్ గురించి తెలుగులో ఒక్క మంచి పేజీ కూడా లేదంటే బాధగా ఉంటుంది.

తెలుగులో టోన్ దాదాపు క్రియ చివరలోనే ఉంటుంది. సూచనలకు "నొక్కండి", "తెరవండి" చాలు, మర్యాద అందులోనే ఉంది, "దయచేసి" మళ్లీ అక్కర్లేదు. నియమాలకు "ఉండాలి", "పంపాలి". బటన్ల మీద "సేవ్ చేయి", "తొలగించు" లాంటి పొట్టి రూపాలు పర్వాలేదు, ఎందుకంటే అక్కడ ఆజ్ఞ ఇచ్చేది మనిషి, వినేది మెషిన్. "నొక్కవలెను", "ప్రదర్శింపబడును" అన్నవి పాత రిజిస్ట్రేషన్ కాగితాల భాష, వదిలేయండి.

ఫంక్షన్, సర్వర్, పాస్‌వర్డ్, డౌన్‌లోడ్ లాంటి మాటలు అట్లాగే ఉంచండి. వరంగల్‌లో మొబైల్ రిపేర్ చేసే కుర్రాడికి తెలిసిన మాటను ఎవరికీ తెలియని మాటతో మార్చితే, తెలుగులో రాసిన ప్రయోజనమే పోతుంది.

తెలుగులో మనకు ఒక సౌకర్యం ఉంది. షరతు ముందు, పని తర్వాత వస్తుంది: "ఫైల్ లేకపోతే, కొత్తది తయారుచేయండి." ఇంగ్లీష్ స్టైల్ గైడ్లు షరతు ముందు పెట్టమని ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తుంది, మనకది సహజంగానే ఉంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. క్రియ చివర్లో వస్తుంది కాబట్టి వాక్యం పొడుగైతే ఏం చేయాలో తెలిసేసరికి మొదలు మర్చిపోతాం. ఒక మెట్టుకు ఒక క్రియ అని పెట్టుకోండి.

మన యాసలో రాయాలా అని కూడా అడుగుతారు. వీడియోలో, క్లాసులో మన మాట మనం మాట్లాడుకుందాం, పిల్లలకు చప్పున ఎక్కుతుంది. రాసిన పేజీని శ్రీకాకుళం, చిత్తూరు వాళ్లు కూడా తెరుస్తారు కాబట్టి అందరూ చదవగలిగే తెలుగు మేలు. "ఎట్లా", "అట్లా", "దగ్గర" లాంటి మాటలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రీడ్‌మీలో (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైలులో) ఎంత గొప్పగా చెప్పుకోవచ్చు?

"విప్లవాత్మక", "అత్యాధునిక", "నెక్స్ట్ జనరేషన్" అన్నీ తీసేయండి. ఇంటర్వ్యూ తీసుకునేవాళ్లు చూసేది మొదటి పేరా, రన్ చేసే కమాండ్, ఒక స్క్రీన్‌షాట్. "పత్తి ఆకు ఫొటో ఇస్తే తెగులు గుర్తించే ప్రోగ్రాం. పగటి వెలుతురులో తీసిన ఫొటోల మీదే పరీక్షించాం. తడి ఆకుల మీద తరచుగా తప్పుతుంది." పరిమితి చెప్పిన విద్యార్థి మిగతా మాటలు నమ్మబుద్ధి అవుతుంది. గైడ్ సార్‌కు, మేడమ్‌కు కృతజ్ఞతలు చివర ఒక లైనులో చెప్పండి, మొదటి పేజీ నిండా వద్దు.

ఏఐ టూల్‌తో రాయిస్తే టోన్ సమస్య తీరిపోతుందా?

వ్యాకరణం, స్పెల్లింగ్ సమస్యలు చాలావరకు తీరతాయి. చదివేది ఎవరో, ఏ స్థితిలో ఉన్నారో మీరు చెప్పకపోతే దానికి తెలియదు, కాబట్టి అన్ని పేజీలూ ఒకే ఉత్సాహంతో, ఒకే పొడవుతో వస్తాయి. లేని ఆప్షన్‌ను కూడా అదే నమ్మకంతో రాసేస్తుంది. దాని చేత డ్రాఫ్ట్ రాయించినా, ప్రతి కమాండ్‌నూ మీ చేత్తో రన్ చేసి చూడండి.

జూనియర్ రాసిన పేజీలో టోన్ బాగాలేదని ఎట్లా చెప్పాలి?

"టోన్ బాగాలేదు" అంటే వాళ్లకు ఏమీ అర్థం కాదు, మనసు మాత్రం నొచ్చుకుంటుంది. వాక్యం చూపించండి, చదివేవాళ్ల పేరు మీద చెప్పండి: "ఈ పేజీ తెరిచేది ఇన్‌స్టాల్ ఫెయిలైనవాళ్లు తమ్మీ, ఈ 'ఈజీ' అన్న మాట వాళ్లకు ఎట్లా ఉంటుంది?" అప్పుడు మాట రాతగాడి మీద నుంచి పాఠకుడి మీదకు పోతుంది. వీలైతే మీరు మార్చిన వాక్యం కూడా పక్కన పెట్టండి.

టోన్ కుదిరిందో లేదో ఎట్లా పరీక్షించాలి?

గట్టిగా చదవండి. నోరు తిరగని చోట, ఎదుటి మనిషి ముఖం మీద అనలేని చోట ఆగండి. తర్వాత టీంలో కొత్తగా చేరిన ఒకరిని పక్కన కూర్చోబెట్టి, పేజీ ఇచ్చి, మీరు నోరు మెదపకుండా చూడండి. ఎక్కడ వెనక్కి స్క్రోల్ చేస్తున్నారో, ఎక్కడ మీ వైపు తిరుగుతున్నారో గుర్తుపెట్టుకోండి. సాయం చేయాలని నాలుక దురద పెడుతుంది, ఆపుకోండి. మీరు నోటితో చెప్పాలనుకున్న ఆ మాటే పేజీలో లేని వాక్యం. దాన్ని ఉన్నదున్నట్టు రాసేయండి, టోన్‌తో సహా సరిపోతుంది.

మా దగ్గర పాత డాక్యుమెంటేషన్ గుట్టలుగా ఉంది. అంతా తిరగరాయాలా?

వద్దు, సగంలో అలసిపోతారు. ముందు ఇన్‌స్టాల్ పేజీ, తర్వాత సపోర్ట్‌కు ఎక్కువగా వచ్చే ఎర్రర్ మెసేజ్‌లు, ఆ తర్వాత డేటా పోయే ప్రమాదమున్న కమాండ్లు. మిగతా పేజీలను కోడ్ మార్చినప్పుడల్లా, ఆ మార్పుతో పాటే సరిచేసుకుంటూ పోండి. టీంలో అందరికీ అందుబాటులో ఒక పేజీ పెట్టుకుని, 'లాట్' అనాలా 'బ్యాచ్' అనాలా లాంటి నిర్ణయాలు తీసుకున్న రోజే అందులో రాసుకోండి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు లాప్‌టాప్‌తో పాటు ఆ పేజీ లింకు కూడా ఇవ్వండి.